కత్తుల ఊరు చెప్పిన నాలుక

కత్తిని నాలుకకు ఆనించి అది ఏ ఊళ్ళో పుట్టిందో చెప్పే మనిషి పోయాడు. ఉల్లిగడ్డల బండి అతను తక్కెట్లో గడ్డలు వేస్తూ చెప్పాడు.

"పటేలమ్మా, మీ సముద్రం సాబ్ పోయిండు. మొన్న శుక్రారం మట్టి జేసిండ్రు."

చెప్పి నవ్వాడు. చావు కబురు చెబుతూ ఎవరూ నవ్వరు. ఆ నవ్వు పోయినందుకు కాదు, సముద్రం అన్నందుకు. ఆ మాట వింటే మా ధర్మపురి వీధిలో ఇప్పటికీ అందరికీ నవ్వు వస్తుంది. నేను నవ్వలేదు. కుళ్ళిన గడ్డలు రెండు ఏరి అతని బండి మీదే పెట్టి, మంచివి తీసుకుని లోపలికి వచ్చాను. వచ్చాను కానీ ఉల్లిగడ్డలు కొంగులోనే ఉన్నాయి, నేను గడప మీదే కూర్చుండిపోయాను.

ఆయన పేరు నాకు తెలియదు. నలభై ఏళ్ళు మా వాకిట్లో సానరాయి తిప్పిన మనిషి పేరు నేను అడగలేదు. ఆయనా నా పేరు అడగలేదు. నాకు ఆయన సాబ్, ఆయనకు నేను పటేలమ్మ. నేను చదివింది మూడో తరగతి. రాయడం పెద్దగా రాదు. అయినా ఈ సంగతి నోటితో చెబితే మధ్యలో ఎవరో ఒకరు నవ్వుతారు, అందుకని రాస్తున్నాను.

ఆయన ఇల్లు గోదావరికి అవతల, ఆదిలాబాద్ దిక్కున. గురువారం వచ్చిందంటే వంతెన దాటి సైకిల్ మీద వచ్చేవాడు. సానరాయి ఆ సైకిల్‌కే బిగించి ఉండేది. స్టాండు వేసి, పట్టీ తగిలించి, సీటు మీద కూర్చుని తొక్కితే చక్రం బదులు రాయి తిరిగేది. మిగతా వాళ్ళలా 'కత్తులు సాన పెడ్తం' అని అరిచేవాడు కాదు. గంట రెండుసార్లు కొట్టి ఒకసారి దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే వీధిలో ఆడవాళ్ళందరం కత్తిపీటలు, కొడవళ్ళు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళం. కొత్తగా వచ్చిన వాళ్ళు చూస్తే ఏదో కొట్లాట అనుకునేవారు.

కత్తి ఇస్తే వెంటనే రాయికి పెట్టేవాడు కాదు. ముందు ఎడమ చేతి చొక్కాకు రెండువైపులా తుడిచేవాడు. అందుకే ఆ చొక్కా చేయి ఎప్పుడూ పీలికలుగా ఉండేది, కుడి చేయి మాత్రం పెళ్ళికి వేసుకున్నట్టు ఉండేది. తర్వాత గోటితో కత్తిని చెవి దగ్గర ఒకసారి మీటేవాడు. ఆ తర్వాత వెన్నువైపు తిప్పి నాలుక కొసకు ఆనించి ఒక కన్ను మూసేవాడు. రెండో కన్ను మన మీదే ఉండేది. ఏమీ లేనిదాన్ని కొంచెంసేపు నమిలి, ఊరు చెప్పేవాడు.

"గిది నిర్మల్ ది. సల్లగ కూసున్నది నాలిక మీద."

"గిది కమాను పట్టి. లారీది. లారీ ఇనుము నోట్ల వెట్టుకుంటె తిరుగుతనే ఉంటది పటేలమ్మా, అలవాటు పోదు."

"గిది ఆసిఫాబాద్ అడవి దిక్కుది. బొగ్గు మంచిది, కొట్టినోడికి ఆకలైతుండె. సగంల లేషి పోయిండు, సూడు గీడ."

బజారులో కొన్న మెరిసే స్టీలు కత్తి ఇస్తే ఆయన మొహం వాడిపోయేది. "దీనికి ఊరు లేదు, పాపం" అని దాన్ని అరచేత్తో నిమిరి, అడగకుండానే రాయికి ఇంకో రెండు తిప్పులు ఎక్కువ పెట్టేవాడు. తల్లిలేని పిల్లకు అన్నం వడ్డించినట్టు. ఆ సంగతి కనిపెట్టాక నేను స్టీలు కత్తులే ముందు ఇచ్చేదాన్ని.

గురువారం నాడు ఆయన మిరపకాయ తినడు. పాన్ నమలడు. పని అయ్యేదాకా టీ కూడా ముట్టడు. ఒక సీసాలో నీళ్ళు తెచ్చుకుని కత్తికీ కత్తికీ మధ్య పుక్కిలించి మా మురికి కాలువలో ఉమ్మేవాడు. "గింత టీ తాగితె ఏమైతది?" అని ఒకసారి అన్నాను. "నాలిక నా పనిముట్టు పటేలమ్మా. సుత్తెతోని పప్పు కలుపుతరా మీరు?" అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. టీ మిగిలినందుకు నాకేమీ బాధ లేదు.

ఇదంతా తమాషాకని అనుకోవద్దు. మా వీధిలో పెళ్ళి జరిగితే కూరగాయలు తరగడానికి ఇంటికో కత్తిపీట పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎవరిది ఎవరింటికి వస్తుందో ఆ నరసింహస్వామికే తెలియాలి. ఒకసారి నా కత్తిపీట గాజుల కొట్టు వాళ్ళింటికి పోయింది. వాళ్ళ కోడలు అది తనదే అంది, తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నానంది. నాది నాకు తెలియదా అని నేను. వారం రోజులు మాటలు లేవు. గురువారం సాబ్ వచ్చి రెండింటినీ నాలుకకు ఆనించాడు.

"నిర్మల్ ది పటేలమ్మది. కమాను పట్టి గాజులోళ్ళది. బిడ్డా, మీ నాయన లారీ నడుపుతడా?"

ఆ కోడలు తన కత్తిపీట తీసుకుని పోయింది. వాళ్ళ నాన్న లారీ డ్రైవరే. ఆ రోజు నుంచి వీధిలో పెళ్ళయితే పంచాయితీ గురువారానికి వాయిదా పడేది. ఆయన చెప్పిన మాటకు తిరుగు లేదు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు, ఎవరూ మనసులో పెట్టుకోలేదు. ఒక మనిషి నాలుక మీద ఒక వీధి నలభై ఏళ్ళు కొట్లాడకుండా బతికింది. ఆ నాలుకను పాడు చేసింది ఎవరో ఇప్పుడు రాస్తాను.

మా ఇంట్లో బెల్లం కుండలో ఒక కటారు ఉండేది. మా అత్త నాకు వంటిల్లు అప్పజెప్పినప్పుడు దాన్ని కూడా అప్పజెప్పింది. మూరకు తక్కువ పొడవు, పాములా వంకర. కొసకు వచ్చేసరికి చీలి రెండు మొనలు. ఇత్తడి పిడికి ఏదో జంతువు తల. మా అత్త మేక అనేది, నా కొడుకు చిలుక అనేవాడు. నాకు మాత్రం చెవులు విరిగిన గుర్రంలా కనిపించేది. ఏదైతేనేం, బెల్లం దిమ్మ పగలగొట్టడానికి అలాంటిది మరొకటి లేదు. ఒక్క పోటు పొడిస్తే రెండు పగుళ్ళు. దాన్ని సాబ్‌కు ఎన్నడూ ఇవ్వలేదు. బెల్లానికి పదును ఎందుకు, దండగ.

మా మరిది ఇంటి అవతలి సగంలో ఉంటాడు. సర్కారు ఆఫీసులో ఫైళ్ళు చూసి రిటైరయ్యాడు. చూడడానికి ఫైళ్ళు లేక పరేషాన్‌గా తిరిగే రోజుల్లో, ఒకనాడు బెల్లం ముక్క అడగడానికి వచ్చి నా చేతిలో ఆ కటారు చూశాడు.

"వదినె, గదేంది?"

"బెల్లం పగలగొట్టేది."

"బెల్లమా! గది కటారు వదినె! రాజుల కాలంది! దానితోని బెల్లం పగలగొడ్తున్నవా?"

"రాజులు లేరు. బెల్లం ఉన్నది. తీస్కపోతవా లేదా?"

బెల్లం వదిలేసి కటారు తీసుకుపోయాడు. ఇక మొదలైంది. ఫోన్‌లో ఫొటోలు తీసి ఎవరెవరికో పంపాడు. ఒకరు ఇరాన్ అన్నారు, ఒకరు మరాఠాలది అన్నారు, ఇంకొకరు డ్రామా కంపెనీది అన్నారు. ఆ మూడో వాళ్ళతో మరిది ఇప్పటికీ మాట్లాడడు. కరీంనగర్ నుంచి చరిత్ర చెప్పే లెక్చరర్ ఒకాయనను పిలిపించాడు. ఆయన కళ్ళద్దాలు మార్చి మార్చి చూసి, "పర్షియాది అయి ఉండవచ్చు, ఇక్కడి ఇనుమే అయి ఉండవచ్చు, చాలా పాతది అయి ఉండవచ్చు, కాకపోయి ఉండవచ్చు" అన్నాడు. రెండు టీలు తాగి వెళ్ళాడు. ఆ అయి ఉండవచ్చులు మా అత్త కూడా చెప్పగలిగేది, టీ లేకుండా.

మరిది ఆగలేదు. మా ఉమ్మడి వాకిలి పైన నల్లరాయి పలక పెట్టించాడు. 'ఈ వంశపు కటారు' అని రాయించి, జానెడు ఖాళీ వదిలి, 'నుండి వచ్చినది' అని చెక్కించాడు. ఊరు తేలగానే ఖాళీ నింపుతాడట. "తేలినంక చెక్కియ్యరాదా?" అంటే, "చెక్కెటోడు పెండ్లిళ్ళ సీజన్ల దొరుకడు వదినె" అన్నాడు. పెళ్ళిళ్ళకూ రాయి చెక్కడానికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు నెలలు ఆ ఖాళీ మా నెత్తి మీద ఉంది. ఎవరో సుద్దముక్కతో అందులో 'బస్టాండు' అని రాశారు. మరిది తడిగుడ్డతో తుడిచి వచ్చి అన్నాడు:

"ఇగ సాబ్ నాలికనే దిక్కు. గీ గురువారం ఆయన ఏం జెప్తె గదే చెక్కిస్త."

మన ఇంటి వస్తువు నలుగురిలోకి పోతుందంటే తోమి పంపాలి. పెళ్ళికి ఇచ్చే గంగాళమైనా, చావుకు ఇచ్చే చెంబైనా. ఇది మా అవ్వ నేర్పిన మర్యాద. కటారు నిండా ముప్పై ఏళ్ళ బెల్లం జిడ్డు. వీధంతా చూస్తుంటే 'ఈ ఇంటి ఆడది ఇట్లా ఉంచిందా' అనుకోరా? గురువారం పొద్దున చింతపండు పిప్పి, దొడ్డుప్పు కలిపి పిడి తోమాను. ఇత్తడి పిడి బంగారంలా మెరిసింది. ఇనుమును చింతపండుతో తోమకూడదని నాకు తెలుసు. కానీ మెరుపు చూస్తే చేయి ఆగలేదు. మొత్తం తోమాను. కడగబోతే ఆ రోజు నల్లా రాలేదు. బిందెలో ఉన్న నీళ్ళు తాగడానికే. ఒక చెంబెడు పోసి, తడిబట్టతో తుడిచి, సరిపోయిందిలే అనుకున్నాను.

గంట రెండుసార్లు మోగింది. దగ్గు వినిపించింది. వీధంతా మా వాకిట్లోనే ఉంది. మరిది కటారును పళ్ళెంలో పెట్టి పట్టువస్త్రంలా తెచ్చి ఇచ్చాడు. సాబ్ చొక్కాకు తుడిచాడు, గోటితో మీటాడు, చాలాసేపు విన్నాడు. తర్వాత నాలుకకు ఆనించాడు. ఎప్పుడూ ఒక కన్ను మూసే మనిషి రెండు కళ్ళూ మూశాడు.

"సముద్రం" అన్నాడు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"ఏ సముద్రం సాబ్?" మరిది పళ్ళెంతోనే ముందుకు వంగాడు.

"ఉప్పు సముద్రం. శానా దూరం. పులుపు సుత ఉన్నది, ఏందో పండు. పడవల పండ్ల నడుమ వెట్టి తెచ్చిండ్రు దీన్ని."

గాజుల కొట్టు కోడలు ఊరుకోలేదు. "సాబ్, నువ్వు సముద్రం ఎన్నడన్న సూషినవా?"

"సూడలే బిడ్డా. అందుకే గుర్తువట్టిన. తెల్సిన ఊరైతె పేరు జెప్పకపోదునా?"

ఆ మాటకు అందరూ చప్పట్లు కొట్టారు. నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. నా గోళ్ళలో ఇంకా చింతపండు ఉంది. ఎప్పుడు తెలిసింది అని ఎవరైనా అడిగితే, 'ఉప్పు' అని ఆయన అన్న క్షణమే తెలిసింది. ఒక్క మాట అంటే అప్పుడే తెగిపోయేది. కానీ ఏమని అంటాను? రాజుల కటారును వంటపాత్రలా తోమాననా, ఒక చెంబు నీళ్ళకు వెనకాడాననా? ఊరంతా నన్ను గట్టి మనిషి అంటుంది. గట్టి మనిషి నోరు అంత తొందరగా తెరుచుకోదు.

మరిది ఖాళీలో 'సముద్రము అవతల' అని చెక్కించాడు.

అంతటితో ఆగినా బాగుండేది. మా కటారు మెరుపు చూసి వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అడిగారు. "అంత మంచిగ ఎట్ల మెరిషింది పటేలమ్మా, ఏంవెట్టి తోమినవ్?" పొగిడితే ఎవరికి చేదు? చెప్పాను, చింతపండు, దొడ్డుప్పు అని. మరుసటి గురువారానికి వీధి వీధంతా తమ కత్తులు తోమి తెచ్చింది.

సాబ్ మొదటి కత్తి నాలుకకు ఆనించాడు. కళ్ళు తెరిచాడు. మళ్ళీ ఆనించాడు.

"గిది సుత సముద్రమే."

రెండోదీ సముద్రమే. పూలమ్మే ఆమె చిన్న కత్తి సముద్రం. దర్జీ కత్తెర సముద్రం. వడ్ల పొలం ముఖం తప్ప వేరేది చూడని కొడవలి కూడా సముద్రం దాటి వచ్చింది. గాజుల వాళ్ళ కమాను పట్టి దగ్గరికి వచ్చేసరికి ఆయనకు చెమట పట్టింది.

"లారీ సముద్రంల వడ్డట్టున్నది" అన్నాడు మెల్లగా.

అప్పుడు మొదటి నవ్వు వినిపించింది. నాలుగు గురువారాలు గడిచేసరికి వీధిలో ఇంటింటికీ ఓడలున్న తాతలు పుట్టుకొచ్చారు. మరిది నా దగ్గరికి వచ్చి మొత్తుకున్నాడు. "అందరి కత్తులు సముద్రం అవతలియే అయితె మన పలకెందుకు వదినె? పూలామె తాతకు సుత పడవ ఉండెనట!" నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఊరుకున్నాను.

ఆయన మాత్రం నవ్వలేకపోయాడు. నాలుకకు ఏదో రోగం వచ్చిందనుకున్నాడు. వెదురు పుల్లతో గీకాడు. జగిత్యాల హకీం దగ్గరికి పోయి కషాయం తాగాడు. అసలు ఉప్పే మానేశాడు. ఇంట్లో కూరల్లో కూడా వేయవద్దని భార్యకు చెప్పాడు. అయినా మా వీధికి వచ్చి కత్తి పెట్టగానే సముద్రమే. పిల్లలు 'సముద్రం సాబ్' అని సైకిల్ వెంట పడ్డారు. అదే నెలలో ఒక పెళ్ళిలో రెండు కత్తిపీటలు కలిసిపోతే, రెండిళ్ళ వాళ్ళు ఆయన ముందు పెట్టారు. ఆయన నాలుక బయటికి తీయలేదు. "నాతోని కాదు" అని తల వంచుకుని పోయాడు. ఆ రెండిళ్ళ వాళ్ళు ఆ రోజు వీధిలో జుట్లు పట్టుకున్నారు.

తర్వాతి గురువారం మా వాకిట్లో గంట ఒక్కసారే మోగింది. బయటికి వచ్చి చూస్తే నీళ్ళ సీసా లేదు. నా రెండు కత్తులూ కొడవలీ తీసుకుని, తుడవకుండా, మీటకుండా, నేరుగా రాయికి పెట్టాడు.

"ఊరు జెప్పవా సాబ్?" అన్నాను.

"ఊరు లేదు పటేలమ్మా. ఇగ నేను రాను. గీ రాయి ఇంట్ల వెడ్త. నాలిక సచ్చినంక చేతులేం జేస్తయ్."

పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. నలభై ఏళ్ళు నాతో గొణిగి గొణిగి బేరమాడిన మనిషి, ఆ రోజు చేయి అడ్డంగా ఊపాడు. అది నేను భరించలేకపోయాను. లోపలికి పోయి ఒక పళ్ళెంలో చింతపండు పిప్పి, దొడ్డుప్పు కలిపి తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"సాబ్, జర గిది నాలిక మీద వెట్టు."

వేలితో తీసి పెట్టుకున్నాడు. ఆయన ముఖం వెలిగింది.

"గిదే! గిదే సముద్రం! యాడ దొరికింది పటేలమ్మా?"

"మా వంటింట్ల. గిది సముద్రం కాదు. కటారును నేను దీంతోని తోమిన. మంచిగ కడుగలే. వీధోళ్ళకు సుత నేనే జెప్పిన."

తిట్టినా బాగుండేది. సైకిల్ సీటు మీద కూర్చుని ఖాళీ రాయిని చాలాసేపు తొక్కాడు. నా ముఖం చూడలేదు. రాయి తిరిగి తిరిగి దానంతట అదే ఆగాక అడిగాడు.

"నీళ్ళున్నయా?"

బిందెతో తెచ్చాను, కటారు కూడా. ఆ రోజూ నల్లా రాలేదు, అయినా చెంబుతో కొలవలేదు. ఆయనే కటారును మట్టితో తోమి, బిందె ఖాళీ అయ్యేదాకా కడిగి, గోడ మీద ఎండలో పెట్టాడు. ఒక ఇనుప ముక్క ఆరేదాకా ఇద్దరం వాకిట్లో కూర్చున్నాం, ఎవరో పురుడు పోసుకుంటుంటే బయట కూర్చున్నట్టు. ఆరాక చొక్కాకు తుడిచి, మీటి, నాలుకకు ఆనించాడు. ఒక కన్ను మూశాడు.

"తెల్వదు" అన్నాడు.

కానీ ఆయన నవ్వుతున్నాడు.

"తెల్వదు పటేలమ్మా! నాలిక ఏం జెప్తలేదు. సాఫ్ ఉన్నది! గసొంటి ఇనుము నేను ఎన్నడు సూడలే!" అని నా పాత కత్తి లాక్కుని కడిగి ఆనించాడు. "నిర్మల్! సల్లగ కూసున్నది! సూడు, సల్లగ కూసున్నది!" ఆ ముసలి మనిషి వాకిట్లో కత్తి పట్టుకుని గంతులు వేశాడు. ఎవరైనా చూసి ఉంటే పోలీసులను పిలిచేవారు.

తర్వాత నెమ్మదించి అడిగాడు. "గీ ముచ్చట ఎవరికన్న జెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఇంటి సామాను తోమిచ్చుడు తప్పెట్లయితది? నేను జూస్కుంట."

ఎట్లా చూసుకుంటాడో నాకు అప్పుడు తెలియలేదు. మరుసటి గురువారం తెలిసింది. ఆయన సాన పెట్టలేదు. పెద్ద డబ్బాతో నీళ్ళు తెచ్చుకుని మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాడు. కత్తి అడిగి తీసుకుని, తన నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నాలుకకు ఆనించి, నలుగురూ వినేలా చెప్పాడు. "నేను తప్పు జెప్పిన. నాలిక జారింది. గిది సముద్రంది కాదు, నిర్మల్ ది." తర్వాతి గడప. "నేను తప్పు జెప్పిన. గిది లక్సెట్టిపేట కొలిమిది." ప్రతి గడపలో అదే మాట. ఎందుకు తప్పింది అని అడిగిన వాళ్ళకు, "వయసు" అన్నాడు. చింతపండు పేరు ఎత్తలేదు. నా పేరు ఎత్తలేదు. సాయంత్రానికి మా ఇంటికి వచ్చాడు.

"మరి మా కటారు?" అన్నాడు మరిది.

"తెల్వదు పటేలా."

"తెల్వదంటె ఎట్ల! రాయి మీద చెక్కిచ్చిన!"

"రాయికి నాలిక లేదు. అదేం జెప్పిన నడుస్తది."

వీధంతా గొల్లున నవ్వింది. మరిదికి కోపం వచ్చింది. "నలభై ఏండ్ల సంది గిట్లనే జెప్పినవా? అన్ని అబద్ధాలేనా? నీ మాట వట్టుకొని ఎంతమంది కత్తులు ఎవరెవరికో పోయినయో!" అన్నాడు. నలుగురు తలలు ఊపారు. సాబ్ ఒక్కసారి నా వైపు చూశాడు. అడగడానికి చూసిన చూపు కాదు అది. నేను ఏమైనా అంటానేమోనని భయపడి చూసిన చూపు. నా చేతిలో చాట ఉంది. చెరుగుతూనే ఉన్నాను. నేను అన్నది ఒకే మాట, "టీ తాగి పో సాబ్" అని. తాగాడు. వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు వచ్చాడు. కత్తులు ఇచ్చేవారు, ఊరు అడిగేవారు కాదు. అడిగితే ఎగతాళికి అడిగేవారు. కత్తిపీటలు కలిసిపోతే ఎవరి నోరు పెద్దదైతే వాళ్ళది. నా ఒక్కదాని వాకిట్లో మాత్రం కత్తిని ఆనించి ఊరు చెప్పేవాడు, మెల్లగా, పక్కింటికి వినబడకుండా. నేను అంతే మెల్లగా వినేదాన్ని. అది న్యాయమని అనుకున్నాను. తేలికగా దొరికిన న్యాయం అది.

ఉల్లిగడ్డల అతను చెప్పిన మరునాడు బస్సెక్కి గోదావరి దాటి వాళ్ళింటికి పోయాను. ఆయన భార్య ఆసిఫాబాద్ దిక్కు మనిషి, మాటలో మరాఠీ కలుస్తుంది. నన్ను ఎన్నడూ చూడలేదు. "కాయ్ ఝాలా, ఏమైంది, ఎవరమ్మా?" అంది. కూర్చుని మొత్తం చెప్పాను, చింతపండు నుంచి చాట దాకా. ఆమె విన్నది. విని లేచింది.

"నువ్వేనా! నెల దినాలు! నెల దినాలు చప్పిడి కూర తిన్నం ఇంటిల్లిపాది! నా బిడ్డ పుట్టింటికొచ్చి రెండో దినమే ఎల్లిపోయింది, గీ తిండి దవాఖానల సుత వెట్టరని. పండుగ నాడు బిర్యానీ చప్పిడి! పటేలమ్మవట, పటేలమ్మవు! గింత ఉప్పు కడుగరాదా?"

నన్ను పెళ్ళయిన తర్వాత ఎవరూ అట్లా తిట్టలేదు, మా అత్త కూడా. నేను తల ఎత్తలేదు. ఆమె అలిసిపోయి కూర్చుంది.

"తిట్టు చెల్లె. ఇంకుంటె ఇంక తిట్టు."

"నిన్ను తిడ్తె ఆయన ఇంటడా?" అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఆయనకు నీ మీద కోపం లేకుండె. ఎవరన్న సముద్రం సాబ్ అంటె మాత్రం ఇంట్లకొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. నాకెందుకు జెప్తున్నవ్ గిదంత? నేను నవ్విన్నా ఆయనను? నవ్వినోళ్ళకు జెప్పు పో."

అందుకని నిన్న గురువారం వీధి మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. మోకాళ్ళు నొప్పి, అయినా ఒక్క గడప వదల్లేదు. "సాబ్ నాలిక తప్పలే. ఉప్పు నేను వెట్టిన. కడుగనిది నేను. మీకు తోముడు నేర్పింది నేను" అని ప్రతి గడపలో చెప్పాను. కొందరు మళ్ళీ నవ్వారు. ఈసారి నన్ను చూసి, అది సరే. పూలమ్మే ఆమె కోడలికి ఈ కథే తెలియదు, ఎండలో ఎందుకు తిరుగుతున్నానని మజ్జిగ ఇచ్చింది. గాజుల కొట్టు కోడలు మాత్రం నవ్వలేదు. ఆమె కూడా ఇప్పుడు ముసలిదైంది. ఆమె అడిగింది.

"గాయన చివరికి మా పక్కింటి దర్జీ కత్తెర ఏ ఊరిదని జెప్పిండు పటేలమ్మా? మర్షిపోయిన. గిప్పుడెవర్ని అడగాలె?"

"జగిత్యాలది. కొట్టినోడు ఎడమ చేతి వాటం" అన్నాను.

నాకు అన్నీ గుర్తున్నాయి. ఎవరింటిది నిర్మలో, ఎవరింటిది అడవిదో, ఎవరి కొడవలి ఆకలిగా ఉన్నవాడు కొట్టాడో. అడిగిన ప్రతి ఇంటికీ చెప్పాను. ఇద్దరు ముగ్గురు లోపలికి పోయి కత్తి తెచ్చి, నేను చెబుతుంటే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

చివరి గడప మాదే. మరిది అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికే ఎవరో వచ్చి చెప్పేశారు. ముఖం ఎర్రగా ఉంది. చాలాసేపు నన్ను తిట్టాలని చూశాడు, వదినెనని ఊరుకున్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అయితె వదినె, నిజంగ మన కటారు ఎక్కడిది?"

వీధిలో జనం ఇంకా ఉన్నారు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఇరాన్ అంటే ఇరాన్, సముద్రం అంటే సముద్రం, ఏది చెప్పినా ఆ పూట ఒప్పుకునేవారు.

"తెల్వదు" అన్నాను, అందరికీ వినబడేలా.